అప్‌డేట్: అమ్మమ్మ కుట్టు సామాను, గుండీల డబ్బా

అమ్మమ్మ కుట్టు సామాను నాకు వచ్చిందని, అందులో ఏది దాచుకోవాలో, ఏది వాడుకోవచ్చో చెప్పమని మిమ్మల్ని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చాలావరకు సర్దేశాను.

ఘాటు వాసన వచ్చే గుండీలను వేరు చేయమని ఒకరు చెప్పారు. ఆ మాటే మిగతావాటిని కాపాడింది. పాత సెల్యులాయిడ్ (తొలినాళ్ల ప్లాస్టిక్) గుండీలు పాడవుతున్నప్పుడు ఆమ్లపు ఆవిరి వదులుతాయి, దాంతో పక్కనున్న లోహపు గుండీలు, హుక్కులు తుప్పు పడతాయి. పగిలి జిగురుగా అయినవి తీసేశాను. బాగున్నవాటిని గాలి ఆడేలా కాగితపు పొట్లాల్లో కట్టి, వంటింటి వేడికి దూరంగా పెట్టాను. సెల్యులాయిడ్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది, కాబట్టి గుండీ దేంతో చేసిందో తెలుసుకోవడానికి కాల్చిన సూదితో గుచ్చి చూసే పరీక్ష దయచేసి ఎవరూ చేయకండి. ముత్యపుచిప్ప గుండీలను చెంపకు ఆనించి గుర్తుపట్టాను. ప్లాస్టిక్ కంటే చల్లగా తగులుతాయి, కాస్త బరువుగా కూడా ఉంటాయి. ఎంత అందంగా ఉన్నాయో!

దారాలు మాత్రం బాధపెట్టాయి. నూలు రీళ్లు కొంచెం లాగితే పుటుక్కున తెగిపోతున్నాయి, మిషన్‌కు పనికిరావు. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తానా బాగుంది. కత్తెరకు సాన పట్టించాను.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నూలు గుడ్డ తీసుకుని మా పాపకు గౌను కుట్టిస్తున్నాను. దానికి చిప్ప గుండీలే. కాజాలు చేత్తో తానే వేస్తానని అమ్మ అంది. మిగతా గుండీలు పిన్నికి, అక్కకు పంచుతున్నాను. అమ్మమ్మ చేతి వస్తువులన్నీ నా ఒక్కదాని దగ్గరే ఉండటం నాకు సరిగా అనిపించలేదు.