సఫోక్‌లో ఊరికి దూరంగా ఉన్న చర్చిలు: ప్లేగే కారణమా? గోడల వయసు కనిపెట్టేదెలా?

పటాలపిచ్చి:
ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీలో చాలాచోట్ల చర్చి పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది. పక్కనే ఒక 'హాల్' (దొర ఇల్లు), దాని చుట్టూ కందకం. ఇళ్లేమో మైలు అవతల. 1348-49 ప్లేగుకి పాత ఊరు ఖాళీ అయిపోయిందని స్థానిక కరపత్రాల్లో రాస్తుంటారు. నమ్మొచ్చా? ఎలా సరిచూడాలి? చర్చి గోడ చూసి ఏ భాగం ఏ కాలానిదో ఎలా చెప్పాలి? అక్కడి లావెన్‌హమ్, బ్లైత్‌బరా చర్చిలు చూసే ఆలోచన ఉంది.

బంకమట్టి:
ప్లేగు కథని చాలావరకు పక్కన పెట్టేయండి. బరువైన బంకమట్టి నేలల్లో 12, 13 శతాబ్దాల్లోనే, అంటే ప్లేగుకి ముందే, జనం ఉమ్మడి పచ్చిక బయళ్ల అంచులకి ఇళ్లు మార్చుకున్నారు. పశువుల మేత అక్కడే కాబట్టి. చర్చి, దాన్ని కట్టించిన దొరగారి హాల్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి.

సరిచూడాలంటే ముందు 1783 నాటి హాడ్‌స్కిన్‌సన్ పటం తీయండి. తర్వాత కంచెలు వేసి సొంత పొలాల్లో కలిపేసుకోవడంతో మాయమైన గ్రీన్‌లు (ఆ ఉమ్మడి పచ్చిక బయళ్లు) అందులో కనిపిస్తాయి. ఆపైన 1836 చట్టం తర్వాత గీసిన టైత్ (పంటలో చర్చికిచ్చే పదో వంతు) పటం చూడండి, పొలాల పేర్లతో సహా. ఇప్పటి రోడ్డుకి బాగా వెనక్కి, వంపుగా ఒకే వరసలో పాత ఇళ్లుంటే అది గ్రీన్ పాత అంచే కావొచ్చు. చివరగా కౌంటీ పురావస్తు రికార్డులో కుండపెంకుల వివరాలు వెతకండి. చర్చి చుట్టూ దొరికినవి 12వ శతాబ్దంతో ఆగి, గ్రీన్ అంచున అప్పుడే మొదలైతే ప్లేగుకి ఇక్కడ పనిలేదు.

నిజంగా పోయిన ఊరు కావాలంటే సఫోక్ తీరంలో డన్‌విచ్ ఉంది, కానీ దాన్ని మింగింది సముద్రం. 1286 తుపానుతో పెద్ద దెబ్బ తగిలింది. ఆల్ సెయింట్స్ చర్చి 20వ శతాబ్దం మొదట్లో తీరపు గట్టు అంచు నుంచి ముక్కముక్కగా జారిపోయింది.

చెకుముకి:
గోడల సంగతి. కిటికీని చూసి గోడకి వయసు కట్టడం అందరూ చేసే తప్పు. 12వ శతాబ్దపు గోడకి 15వ శతాబ్దపు కిటికీ దూర్చడం మామూలే. ముందు బయట ఒక చుట్టు తిరిగి నిలువు అతుకులు, మూసేసిన తలుపులు, టవర్ తూర్పు ముఖం మీద పాత కప్పు వాలు గుర్తు చూడండి. ఏది దేన్ని కోసుకుంటూ పోతోందో తెలిస్తే వరస తెలుస్తుంది. ఆ తర్వాతే కిటికీ: గుండ్రటి ఆర్చి అయితే నార్మన్ (11-12 శతాబ్దాలు), సన్నటి మొనదేలిన కిటికీ అయితే 13వ శతాబ్దం, నిలువు కడ్డీలు తిన్నగా ఆర్చిదాకా వెళ్తే పర్పెండిక్యులర్ శైలి (14వ శతాబ్దం చివరి నుంచి 16వ శతాబ్దం దాకా). 19వ శతాబ్దపు విక్టోరియన్లు పాత శైలిలో మళ్లీ చెక్కారు కాబట్టి అంచులు మరీ పదునుగా ఉంటే అనుమానించండి.

ఇక్కడ చెక్కడానికి పనికొచ్చే రాయి లేదు, ఉన్నదల్లా చెకుముకి రాయి. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక కొంత ఎత్తు కట్టి ఆగేవారు. ఆ అడ్డగీతలు, పరంజి కర్రల రంధ్రాలు ఇంకా కనిపిస్తాయి. తర్వాతి కాలంలో సిమెంటుతో సందులు పూడ్చినచోట తేమ బయటికి పోలేక లోపలి సున్నం పొడిపొడిగా రాలి, రాళ్లు ఊడి వస్తాయి. మూలలకి రాయి దొరక్కే గుండ్రటి టవర్లు కట్టారు.

బంకమట్టి:
ఆ చివరి వాక్యం ఒప్పుకోను. చెకుముకితోనే మూలలు తీర్చిన పాత చర్చిలు ఉన్నాయిగా. రాయి కొరత ఒక కారణం కావొచ్చు, అదొక్కటే కాదు.

దూలాలు:
హాల్ గురించి: ఒక్కో పారిష్‌లో (ఒక చర్చి కింది ప్రాంతం) రెండు మూడు మేనర్లు (దొరల ఎస్టేట్లు) ఉండేవి, కాబట్టి చర్చి పక్కనున్నదే అసలు మేనర్ అనుకోకండి. నేషనల్ ఆర్కైవ్స్ వారి మేనోరియల్ డాక్యుమెంట్స్ రిజిస్టర్‌లో పారిష్ పేరుతో వెతికితే కోర్టు రోల్స్ (మేనర్ కోర్టు రికార్డులు) ఎక్కడున్నాయో తెలుస్తుంది. 1086 నాటి వివరాలు లిటిల్ డోమ్స్‌డే అనే భూముల సర్వే పుస్తకంలో ఉంటాయి.

ఇంటి ముందు భాగం జార్జియన్ (18వ శతాబ్దపు) ఇటుక అయినా మోసపోవద్దు, అటక చూడాలి. వాసాలకి మసి పట్టి ఉంటే మధ్యయుగంలో పొగగొట్టం లేకుండా నట్టింట్లో మంట వేసిన హాల్ అది. చెట్టు వలయాలతో తేదీ కట్టడం ఇక్కడ తరచూ కుదరదు. ఈ ప్రాంతపు ఓక్ త్వరగా పెరగడంతో దూలంలో చాలినన్ని వలయాలు ఉండవు. చాలా హాల్‌లు సొంత ఇళ్లు, అడగకుండా గేటు దాటకండి.

చెకుముకి:
లావెన్‌హమ్‌కి రైలు లేదు, సడ్‌బరీలో దిగి బస్సెక్కాలి. చర్చి టవర్ 141 అడుగులు. పోర్చ్ మీద ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ అనే దొరగారి చిహ్నాలైన నక్షత్రం, అడవిపంది, టవర్ మీద స్ప్రింగ్ అనే బట్టల వ్యాపారి గుర్తు వెతకండి. డబ్బెవరిదో గోడే చెబుతుంది. బ్లైత్‌బరాకి బైనాక్యులర్ తీసుకెళ్లండి, కప్పు లోపలివైపున్న చెక్క దేవదూత బొమ్మలు చాలా ఎత్తులో ఉంటాయి. వాటిలోని తూటా గుర్తులు 1644లో చర్చి బొమ్మలు పగలగొట్టించడానికి వచ్చిన డౌసింగ్ మనుషులవని చెబుతారు గానీ, 18వ శతాబ్దంలో కప్పులో చేరిన కాకుల్ని కాల్చినప్పటివి.