కొరికినట్టున్న ఐదు రూపాయల బిళ్ల: టంకశాల తప్పా, ఆకురాయి పనా?

గడియారం_సెంటర్ (నల్లగొండ):
పాత మందపాటి తెల్ల ఐదు, హైదరాబాద్ టంకశాల నక్షత్రం గుర్తు. సింహాల వైపు కుడి అంచున చంద్రవంక లెక్క కోత, లోతు 3 మి.మీ. బరువు 8.5 గ్రాములు. ‘క్లిప్ ఎర్రర్’ (టంకశాలల బిళ్ల కోసేటప్పుడే అంచు తెగిన తప్పు) అని అమ్మకానికి పెట్టిండ్రు. కోతకు ఎదురంచు మాత్రం నిండుగనే ఉంది. నమ్మొచ్చా?

పాలమూరు_పైసలు:
నమ్మకు తమ్మీ. లోహపు రేకు సరిగ్గ ముందుకు జరగకుంటే బిళ్లలు కోసే పంచ్ పోయి అంతకుముందు కోసిన రంధ్రం మీద పడుతది, క్లిప్ అట్ల పుడుతది. ఆ బ్లాంకును (ముద్ర పడని ఉత్త బిళ్లను) అంచు లేపే మిషన్ల దొర్లించినప్పుడు కోత దగ్గర ఒత్తిడి ఉండదు, అందుకే సరిగ్గ ఎదురుగ కూడ రిమ్ము (ఎత్తు అంచు) లేవదు. దీన్నే బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటరు. అది లేదంటే కోత ముద్ర పడ్డంక జరిగిందే.

దేవరకొండ_దమ్మిడి:
అన్నా, అంత ఖరాఖండిగ చెప్పలేం. ఎదురంచు పల్చగ ఉంటే బలమైన సాక్ష్యం, ఒప్పుకుంట. లేనంత మాత్రాన దొంగది కాదు. కోత చిన్నదైతే ముద్ర ఒత్తిడికి లోహం పారి ఆ లోటు పూడిపోవచ్చు. 3 మి.మీ. పెద్ద కోతేం కాదు.
బరువును కూడ పక్కన పెట్టుండ్రి. ఈ బిళ్ల అసలు 9 గ్రాములు, వెడల్పు 23 మి.మీ. ఆ లోతు కోతకు అర గ్రాము పోతది, ముందు కోసినా తర్వాత కోసినా అంతే. అమ్మేటోళ్లు కాంటా ఫొటో పెట్టేది ఊరికే మురిపించనీకె.
చూడాల్సింది కోత పక్కనున్న అక్షరాలు. ముద్ర పడేటప్పుడు కోత వైపు అడ్డం ఉండదు, లోహం అటే జారుతది. అక్షరం కాలు సాగి, పల్చబడి, మసకగ ముగుస్తది. రిమ్ము కూడ సన్నబడుకుంట పోతది. తర్వాత కోస్తే అక్షరం నిండు ఎత్తుల ఉండంగనే కత్తిరించినట్టు ఆగిపోతది.

పాలమూరు_పైసలు:
అక్షరాల మాట నిజమే. కానీ కోత అక్షరాలకు దూరంగ ఉంటే ఏం చేస్తరు? మంచి ఐదు బిళ్లను ఆ వంపుల ఆనించి చూడుండ్రి. పంచ్ కోతైతే దాదాపు అతుకుతది. గుండ్రటి ఆకురాయితోని రాకితే వంపు చిన్నగైతది, బిళ్ల రెండు కొసల మీదనే ఆగి నడుమ సందు కనపడుతది.

దేవరకొండ_దమ్మిడి:
గ్రైండర్ మీద చెయ్యి తిరిగినోడు వంపు తెప్పిస్తడన్నా. సాగిన అక్షరం తేలేడు. కోత గోడను పది రెట్ల భూతద్దంల చూస్తే వరుస గీతలు దొరుకుతయి. అవి చెరపనీకె పాలిష్ పెడితే మిగతా అంచు మాసి, కోత ఒక్కటే మెరుస్తది. అసలు క్లిప్పుల ఆ గోడ ముద్ర ఒత్తిడికి కొంచెం బయటికి ఉబ్బుతది, రంగు కూడ చుట్టున్న అంచు లెక్కనే పాతబడుతది.

గడియారం_సెంటర్ (నల్లగొండ):
అయితే పక్క నుంచి వెలుతురు పడేటట్టు ‘ఇండియా’ చివరి అక్షరాలది ఒక ఫొటో, కోత గోడది నిలువుగ ఒక ఫొటో అడుగుత. రెండూ పంపకుంటే ఐదుకు ఐదు రూపాయలే ఇస్త.