మీ వైపు వేప పూసిందా?

మాది కావలి దగ్గర పల్లె. నాకు వసంతం కబురు చెప్పేది కోయిల కాదు, అది మాఘం నుంచే కూస్తోంది. పెరట్లో వేపచెట్టు ఆకు రాల్చి, రాగిరంగు చిగురేసి, తెల్లవారేసరికి బావి గట్టు మీద పేలాల్లా పువ్వు రాల్చాలి. అప్పుడే నమ్ముతాను. ఈసారి చిగురు దగ్గరే ఆగిపోయింది. ఉగాది 2025లో మార్చి 30న వస్తే, 2026లో 19నే వచ్చేస్తోంది. పండుగది చంద్రుడి లెక్క, చెట్టుది ఎండ లెక్క. దాన్ని తిట్టి ఏం లాభం?

ఒంగోలు, నెల్లూరు వైపు ఎవరి పెరట్లోనైనా పూత కనిపించిందా? నిరుడు నీడలో ఎండబెట్టిన పువ్వు డబ్బాలో ఉంది. పచ్చడిలో అది వేయవచ్చా, చేదు నిలుస్తుందా? మా అత్తగారు మాత్రం పచ్చి పువ్వే కావాలంటున్నారు.