రాబందులు పోయాక మీ ఊళ్లో ఏం మారింది?

మెట్టరైతు:
మా ఊళ్లో గొడ్డు చచ్చిపోతే ఊరవతల బీడులో పడేయడం తాతల నాటి నుంచి ఉన్నదే. అప్పట్లో ఎక్కడి నుంచి వచ్చేవో గానీ రాబందులు మందగా దిగేవి. పొద్దువాలేసరికి ఎముకలే మిగిలేవి. ఇప్పుడు అదే బీడులో గేదెను పడేస్తే వారం రోజులు కంపు. కుక్కలు మాత్రం బాగా బలిసి, అటుగా సైకిల్ మీద వెళ్లేవాళ్ల వెంటపడుతున్నాయి. రాబందులు పోవడం వల్ల మనుషుల ప్రాణాలూ పోయాయని ఈ మధ్య ఎక్కడో చదివాను. మీ వైపు ఎలా ఉందో చెప్పండి.

గోపాలమిత్ర:
నిజమే అన్నా. పశువులకు నొప్పికీ జ్వరానికీ వేసిన డైక్లోఫెనాక్ సూదే దీనికంతటికీ మూలం. సూది పడ్డ గొడ్డు ఒకట్రెండు రోజుల్లో చచ్చిపోతే మందు దాని ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పోతాయి. బయటికి పోవాల్సిన యూరిక్ యాసిడ్ లోపలే ఆగి, గుండె మీదా కాలేయం మీదా సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకుంటుంది. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసి, పరీక్షలు చేస్తే 2004లో ఈ సంగతి బయటపడింది. నూటికి ఒక్క కళేబరంలో మందున్నా చాలు. ఒక్కదాని మీదే గుంపులు గుంపులుగా వాలతాయి కదా. పైగా అవి పెట్టేది ఏడాదికి ఒక్క గుడ్డు.

మన దేశంలో పశువులకు ఈ మందును 2006లోనే నిషేధించారు. కానీ మనుషులకు వాడేది మెడికల్ షాపులో దొరుకుతూనే ఉంది. పెద్ద సీసా కొని గొడ్లకు వేస్తున్నారని 2015లో మనుషుల సీసాను 3 మి.లీ.కి కుదించారు. నాలుగైదు చిన్నవి కొని ఒకే సిరంజిలోకి లాగి వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చవక, వెంటనే పనిచేస్తుంది, గొడ్డు లేచి నిలబడుతుంది. రైతుకు అంతకంటే ఏం కావాలి?

ఏఎన్ఎం అక్క:
మా పీహెచ్‌సీకి కుక్కకాటు వాళ్లు రాని రోజు ఉండదు. వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే, "బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారా?" అని. ఆ కాలం ఎప్పుడో పోయింది బాబూ. ఇప్పుడు భుజం దగ్గర చర్మంలోకి వేస్తాం. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. మూడు వేయించుకుని, తగ్గిపోయిందిలే అని చివరిదానికి రానివాళ్లే ఎక్కువ. కరిచిన చోట పసుపో కారమో అద్దుకుని వస్తారు. అవేవీ వద్దు. ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగండి, అప్పుడు బయల్దేరండి. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు, రేబిస్ క్రిమిని అప్పటికప్పుడే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా పడాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాయంటే ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే.

సందేహరావు:
ఒక్క నిమిషం. కుక్కలు పెరగడానికి రాబందులు పోవడమే కారణమంటే నేనొప్పుకోను. మా టౌన్లో నా ఎరుకలో రాబందు లేదు. కుక్కలకు మాత్రం కొదవ లేదు. చికెన్ సెంటర్ల వ్యర్థాలన్నీ రోడ్డు పక్కనే పోస్తుంటే పెరగక ఏం చేస్తాయి?

లెక్కల మాస్టారు:
రావు గారూ, మంచి ప్రశ్న. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు సరిగ్గా దాన్నే తేల్చాలని చూశారు. వాళ్ల పరిశోధన 2024లో అచ్చయింది. ఒకప్పుడు రాబందులు బాగా ఉన్న జిల్లాలను, మొదటి నుంచీ పెద్దగా లేని జిల్లాలను పోల్చారు. చెత్త రెండు చోట్లా ఉంటుంది కదా. 1990లలో ఈ మందు చవగ్గా దొరకడం మొదలయ్యాక, రాబందులున్న జిల్లాల్లో మనుషుల మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. 2000 నుంచి 2005 దాకా అదనంగా పోయిన ప్రాణాలు దాదాపు 5 లక్షలని వాళ్ల అంచనా.

ఇవన్నీ కుక్కకాటు చావులే అనుకోకండి. ఎవరూ తినని కళేబరాలు కాలవల్లోకి, చెరువుల్లోకి చేరాయి. తాగేనీళ్లు పాడయ్యాయి. నన్నడిగితే నీళ్ల సంగతి గురించే మనం తక్కువ మాట్లాడుకుంటున్నాం.

సందేహరావు:
జిల్లాల పోలిక అంటే సరే, కొంత నమ్మొచ్చు. 5 లక్షలన్నది మాత్రం అంచనాయే. మా టౌన్ కుక్కల ఖాతా చికెన్ సెంటర్లదే.

బెజ్జూరు పోరడు:
మా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల పాలరాపు గుట్ట మీద 2013ల పొడుగు ముక్కు రాబందులు కనవడ్డయ్. అంతకుముందు తెలంగాణల ఇగ లేవనే అనుకున్నరు. అడవి మా దిక్కు ఉన్నా, అవి తిండికి మస్తు దూరం పోతయ్. ఎక్కడో ఏ ఊళ్లె ఏ సూది ఏసిన బర్రెను తింటయో ఎవరికెరుక? గుట్టను కాపాడితే సరిపోదే!

మెట్టరైతు:
గోపాలమిత్ర తమ్ముడూ, అయితే మా గేదెకు నొప్పికి ఏం వేయించమంటావు?

గోపాలమిత్ర:
మెలాక్సికామ్ వేయమని డాక్టర్ గారిని అడుగు అన్నా. టోల్ఫెనామిక్ యాసిడ్ కూడా రాబందులకు ప్రమాదం లేనిదే. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వద్దు, 2023లో పశువులకు ఆ రెండూ నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ గొడ్డు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది, పేరు మారిందంతే.

ఇంకో మాట. నిన్నటిదాకా బాగున్న గొడ్డు ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచీ వెనక నుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మరోగం (ఆంత్రాక్స్) అని అనుమానించు. తోలు తీయనివ్వొద్దు, కోయనివ్వొద్దు. గాలి తగిలితే ఆ క్రిమి మొండి రూపంలోకి మారి నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది, మనుషులకూ అంటుకుంటుంది. రాబందు కడుపులో ఆమ్లం దాన్ని చంపగలదు. కుక్కలైతే ముక్కలు నాలుగు దిక్కులకూ ఈడ్చుకుపోతాయి. పశువైద్యశాలకు ఫోన్ చేసి, లోతుగా గొయ్యి తీయించి, సున్నం చల్లి పూడ్చండి.

మెట్టరైతు:
గొయ్యి అంటే జేసీబీ కావాలి తమ్ముడూ, గేదె పోయిన రోజున ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మీ ఊళ్లలో పంచాయతీ నుంచి తీయించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎవరిని అడిగారో, ఏమని అర్జీ పెట్టారో ఇక్కడ రాయండి.