తేలియా రుమాళ్లు జర్మనీకి పంపాలి: రంగుల పరీక్ష గురించి చెప్పగలరా?

మాది ఉమ్మడి నల్లగొండ జిల్లా పుట్టపాక. ఇరుగుపొరుగు నేత కుటుంబాలతో కలిసి తేలియా రుమాళ్లు, దుపట్టాలు నేస్తాం. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడితేనే ఈ ఎరుపు పడుతుంది. ఆ నూనె వాసన కొత్త బట్టను వదలదు. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

జర్మనీలోని ఒక చిన్న దుకాణం వారు నేరుగా మాకే ఆర్డరు ఇస్తామంటున్నారు. ఎగుమతి కోడ్ తీసుకున్నాం, జీఎస్టీలో ఎల్‌యూటీ (పన్ను ముందుగా కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) దాఖలు చేశాం. పని ఆగింది రంగుల దగ్గర. ఐరోపాలో కొన్ని అజో రంగులు (ఒక రకం కృత్రిమ రంగులు) నిషిద్ధం. వాటి నుంచి వెలువడే అమైన్లు అనే హానికర రసాయనాలు కిలో బట్టకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మా ఎరుపు అలిజరిన్, అది అజో రంగు కాదు. నలుపు మాత్రం బజారులో కొన్నది, డబ్బా మీద సరైన వివరం ఉండదు.

ప్రతి అద్దకానికీ పరీక్ష చేయించాలా, రంగు డబ్బాకు ఒకసారి చాలా? హైదరాబాద్‌లో చిన్న నమూనాలు తీసుకునే ప్రయోగశాల ఏది? దళారీ చేతికి వెళితే బట్ట మీద మా ఊరి పేరు మిగలదు, అందుకే నేరుగా పంపాలని పట్టుదల. వాసన సంగతి కొనేవారికి ముందే ఎలా రాయాలి? పోస్టాఫీసులోని డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రం (తపాలా ద్వారా ఎగుమతులు పంపే కేంద్రం) ద్వారా బట్టలు పంపినవారు ఎవరైనా ఉంటే, ఏ కాగితాలు అడిగారో దయచేసి వివరంగా రాయండి.