ఫిషింగ్ మెయిల్ నమ్మి డబ్బు పోగొట్టుకుంటే ఆ నష్టం ఎవరిది, బ్యాంకుదా కస్టమర్‌దా?

మొండిఘటం:
సూటిగా అడిగేస్తా, తిట్టుకోకండి. బ్యాంకు పేరుతో మెయిల్ వస్తుంది, ఈ రాత్రిలోగా వివరాలు అప్‌డేట్ చెయ్యకపోతే అకౌంట్ ఆగిపోతుంది అని. మనోడు కంగారుగా లింకు నొక్కుతాడు, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఆఖరికి ఓటీపీ కూడా తన చేత్తో తనే కొడతాడు. డబ్బు పోయాక బ్యాంకు తిరిగివ్వాలంటాడు. ఎందుకివ్వాలండీ? ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ప్రతి మెసేజ్‌లోనూ మొత్తుకుంటూనే ఉన్నారుగా. బ్యాంకు ఇచ్చేది ఆకాశం నుంచి ఊడిపడదు, మిగతా కస్టమర్ల చార్జీల్లోంచే వస్తుంది. జాగ్రత్తగా ఉన్నవాడు లేనివాడి బిల్లు ఎందుకు కట్టాలి?

వానచినుకు:
ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్నారు, అతను చెప్పలేదు కూడా. బ్యాంకు సైట్ అనుకున్న చోట కొట్టాడు, రోజూ కొట్టినట్టే. ఆ పేజీ దొంగదని తెలిస్తే కొడతాడా ఎవడైనా? మీరు పెట్టిన రూల్ అతను తప్పలేదు, అసలు ఆ రూల్ ఇలాంటి మోసానికి పనికే రాదు.

మొండిఘటం:
అడ్రస్ బార్ ఒక్కసారి చూస్తే తెలిసిపోయేది కదండీ. అదీ చెయ్యనివాడిని అజాగ్రత్త అనకుండా ఏమనాలి?

సర్వర్‌గది:
మెయిల్ సర్వర్లు చూసుకోవడమే నా పని, "చూస్తే తెలిసిపోతుంది" అనే మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మెయిల్ పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీ 1982 నాటిది. అందులో పంపేవాడు నేను ఫలానా అని చెప్పుకుంటే, నువ్వు నిజంగా ఫలానాయేనా అని అడిగే ఏర్పాటే లేదు. ఆ లోటు పూడ్చడానికి, మెయిల్ నిజంగా ఆ పేరుగలవాళ్ళ నుంచే వచ్చిందా అని సర్వర్ సరిచూసే పద్ధతులు ఎస్‌పీఎఫ్, డీకిమ్, వాటి మీద 2012లో డీమార్క్ వచ్చాయి. బ్యాంకు తన డొమైన్‌కి, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరుకి, డీమార్క్ పెట్టి "రిజెక్ట్" అని రాసుకుంటే, అచ్చంగా ఆ డొమైన్ పేరు పెట్టుకుని వచ్చే దొంగ మెయిల్‌ని, ఆ రూల్ పాటించే సర్వర్లు గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. "రిజెక్ట్" పెట్టకుండా "నన్" అని వదిలేస్తే బ్యాంకుకి రిపోర్టులు వస్తాయంతే, ఆపమని మాత్రం ఎవరికీ చెప్పనట్టే. ఈ సెట్టింగ్ మార్చాల్సింది కస్టమరా?

సరే, పెట్టారనుకుందాం, అయినా పని సగమే అయింది. దొంగ బ్యాంకు డొమైన్ వాడడు, ఒక్క అక్షరం తేడాతో వేరేది కొంటాడు, దానికి తనే డీమార్క్ పెట్టుకుంటాడు, అన్ని చెక్‌లూ శుభ్రంగా పాస్. ఫోన్లో మెయిల్ యాప్ చాలావరకు పంపినవాడి పేరే చూపిస్తుంది, అడ్రస్ కావాలంటే పేరు మీద నొక్కి చూడాలి. నొక్కినా ఒరిగేదేం లేదు ఒక్కోసారి, 2017లో ఒక రీసెర్చర్ రష్యన్ రాసే సిరిలిక్ అక్షరాలతో ఆపిల్ డొమైన్ లాంటిదే రిజిస్టర్ చేసి చూపించాడు, అప్పటి క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్ చూసినా తేడా కనపడలేదు. ఇక అడ్రస్ బార్‌లో తాళం గుర్తు సంగతి, అది రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ దొంగకి కూడా ఉచితంగానే దొరుకుతుంది, తాళం ఉంటే సైట్ మంచిదే అని జనం పొరబడుతున్నారని 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది. 2006లో అమెరికాలో హార్వర్డ్, బర్కిలీ వాళ్ళు కలిసి చేసిన స్టడీలో, ఇందులో దొంగ సైట్లు కూడా ఉంటాయి కనిపెట్టండి అని ముందే చెప్పి కూర్చోబెట్టినా, అన్నిటికన్నా బాగా తయారుచేసిన దొంగ సైటు పదిమందిలో తొమ్మిదిమందిని బోల్తా కొట్టించింది. ముందే చెప్పాక ఆ గతి అయితే చెప్పకపోతే ఏంటో మీరే ఆలోచించండి.

పాతకాపు:
దానికి తోడు ట్రాయ్ హంట్ సంగతి. లీకైన పాస్‌వర్డ్‌లు వెతికే సైట్ నడిపేదే ఆయన, ఈ మోసాల గురించి లోకానికి క్లాసులు పీకే మనిషి. 2025 మార్చిలో బ్యాంకు పేరుతో కాదుగానీ, న్యూస్‌లెటర్లు పంపిపెట్టే మెయిల్‌చింప్ కంపెనీ పేరుతో వచ్చిన ఫిషింగ్ మెయిల్ నమ్మి పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ ఇచ్చేశాడు, ఆయన న్యూస్‌లెటర్ తీసుకునే దాదాపు 16,000 మంది ఈమెయిల్ అడ్రసులు పోయాయి. ప్రయాణం బడలికతో ఉన్నానని ఆయనే రాసుకున్నాడు. ఆయన్ని కూడా అజాగ్రత్త మనిషి అందామా?

మొండిఘటం:
ఒప్పుకున్నా, ఎవరైనా పడతారు. కానీ ఎవరైనా పడతారు అన్నంత మాత్రాన బ్యాంకు కట్టాలని ఎలా తేలింది? వాన వచ్చి తడిస్తే వాతావరణ శాఖ బట్టలు ఆరేస్తుందా?

లెక్కలపంతులు:
ఇదే వాదన ఏటీఎంలు కొత్తగా వచ్చిన రోజుల్లో కూడా నడిచింది, అక్కడ ఏం జరిగిందో చూస్తే ఇక్కడ సగం జవాబు దొరుకుతుంది. అమెరికాలో 1980లో జడ్ అనే కస్టమర్ సిటీబ్యాంకు మీద కోర్టుకి వెళ్తే, మా మెషీన్ తప్పు చెయ్యదు అన్న బ్యాంకు మాటని జడ్జి నమ్మలేదు, ఆమె నేను డబ్బు తియ్యలేదు అంటే కాదని బ్యాంకే చూపించాలన్నాడు. చట్టం కూడా ఆ దారిలోనే వెళ్ళింది. బ్రిటన్‌లో దీనికి తలకిందులు, బ్యాంకులు మా సిస్టమ్ భేషు, నువ్వే తప్పు చేశావ్ లేదా అబద్ధం ఆడుతున్నావ్ అంటే కస్టమర్ నోరు మూసుకోవాల్సిందే. కేంబ్రిడ్జ్‌లో రాస్ ఆండర్సన్ 1993లో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. నష్టం తమ నెత్తిన పడే అమెరికా బ్యాంకులు సెక్యూరిటీ మీద బుర్ర పెట్టి పనిచేశాయి, నష్టం కస్టమర్ మీదకి తోసేసే వీలున్న బ్రిటన్ బ్యాంకులు నిర్లక్ష్యంగా తయారయ్యాయి, లోపలివాళ్ళు చేసిన మోసాలు కూడా కస్టమర్ ఖాతాలోకే పోయాయి. కాబట్టి ఎవరిది తప్పు అన్నది కాదు నా ప్రశ్న, ఎవరు కడితే ఈ దొంగతనం తగ్గుతుంది అనేది. కస్టమర్ జేబులోంచి పోయినంతకాలం అతను చెయ్యగలిగింది భయపడటమే. డీమార్క్ మార్చలేడు, కొత్త డివైస్ యాడ్ అవ్వగానే పెద్ద ట్రాన్స్‌ఫర్ పోతుంటే ఆపలేడు. బ్యాంకు ఆపగలదు.

మొండిఘటం:
పంతులుగారూ లాజిక్ బావుంది. మరి రేపు ఇద్దరు కుమ్మక్కై, ఒకడు దొంగలా నటించి, ఇంకోడు మోసపోయినట్టు ఏడ్చి, బ్యాంకు దగ్గర డబ్బు లాగరా?

లెక్కలపంతులు:
లాగడానికి చూస్తారు, ఎందుకు చూడరు. కానీ డబ్బు ఏదో ఒక ఖాతాలోకి చేరాలిగా, ఆ ఖాతా తెరిచింది కూడా బ్యాంకే, ఎవరి పేరున తెరిచారో చూసుకోవాల్సిందీ బ్యాంకే.

పాతకాపు:
రూల్స్ ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి, అది కూడా చూడండి. అమెరికాలో ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫర్లకి "రెగ్యులేషన్-ఇ" అనే రూల్ ఉంది, దాని ప్రకారం, దొంగ నీ పాస్‌వర్డ్ మోసంతో లాక్కుని తనే డబ్బు తీస్తే అది నువ్వు ఒప్పుకోని లావాదేవీ కిందే లెక్క, కార్డు మీద పిన్ రాసుకున్నంత అజాగ్రత్త ఉన్నా దాన్ని చూపించి కస్టమర్ భారం పెంచడానికి లేదు. ఇండియాలో ఆర్బీఐ 2017 సర్క్యులర్ అలా కాదు, పాస్‌వర్డ్ లాంటివి కస్టమరే ఇచ్చేస్తే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది అతనిదే, చెప్పాక పోయింది బ్యాంకుది. అజాగ్రత్త అని నిరూపించాల్సిన బాధ్యత మాత్రం బ్యాంకు మీదే పెట్టారు.

బ్రిటన్ ఇప్పుడు పూర్తిగా తిరగబడింది. మోసపోయి నువ్వే స్వయంగా దొంగ ఖాతాకి పంపినా సరే, 2024 అక్టోబర్ 7 నుంచి 85,000 పౌండ్ల దాకా తిరిగివ్వాలి, పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. మొండిఘటం గారికి నచ్చే మెలిక కూడా ఉంది, మరీ ఘోరమైన నిర్లక్ష్యం అని బ్యాంకు రుజువు చేస్తే ఇవ్వక్కర్లేదు.

వానచినుకు:
అందుకున్న బ్యాంకుకి కూడా సగం అన్నది మాత్రం నాకు బాగా నచ్చింది. మన దగ్గర వాదన ఎప్పుడూ డబ్బు పోగొట్టుకున్నవాడి చుట్టూనే తిరుగుతుంది, దొంగలు వేరేవాళ్ళ దగ్గర తీసుకుని వాడే అద్దె ఖాతాల్లోకి వచ్చి గంటలో మాయమయ్యే డబ్బు గురించి ఎవడూ అడగడు.

ఇంకోటి, నాకు ఖాతా ఉన్న ఒక బ్యాంకు ఒకవైపు "మెయిల్లో లింకులు నొక్కకండి" అని మెయిల్ పంపి, దాని కిందే "మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి" అని పెడుతుంది, ఆ లింకు బ్యాంకు డొమైన్ కూడా కాదు, ఏదో మార్కెటింగ్ కంపెనీది. నొక్కడం అలవాటు చేసేది వాళ్ళే, నొక్కితే తప్పనేదీ వాళ్ళే.

సర్వర్‌గది:
సింగపూర్ సరిగ్గా దీని మీదే పడింది. 2021 డిసెంబర్‌లో ఓసీబీసీ బ్యాంకు పేరుతో దొంగ ఎస్సెమ్మెస్‌లు వచ్చాయి, దాదాపు 790 మంది నుంచి 1.37 కోట్ల సింగపూర్ డాలర్లు పోయాయి, అసలు బ్యాంకు మెసేజ్‌ల వరసలోనే అవి కూడా వచ్చి కూర్చున్నాయి మరి. బ్యాంకు చివరికి మొత్తం తిరిగిచ్చింది. తర్వాత నెలలోనే అక్కడి రెగ్యులేటర్, బ్యాంకులు కస్టమర్లకి పంపే మెయిళ్ళలో, ఎస్సెమ్మెస్‌లలో లింకులు తీసెయ్యాలంది, కొత్త ఫోన్లో టోకెన్ (లావాదేవీలకి ఓకే చెప్పే యాప్ తాళం) పనిచెయ్యడానికి కనీసం 12 గంటలు ఆగాలంది. ఆ 12 గంటలే అసలు మందు, దొంగకి కావాల్సింది హడావిడి కాబట్టి.

మొండిఘటం:
12 గంటలు ఆపితే నిజంగా ఫోన్ మార్చుకున్నవాడు గోల పెడతాడు, అదీ బ్యాంకు తప్పే అంటారు మళ్ళీ. సరే, నా మాట కొంచెం మారుస్తా. బ్యాంకు చెయ్యాల్సినవి చెయ్యకపోతే బ్యాంకు కట్టాలి. అన్నీ చేశాక కూడా వీడు ఇచ్చేస్తే వీడే కట్టుకోవాలి. ఇది న్యాయమేగా?

పాతకాపు:
సింగపూర్‌లో 2024 డిసెంబర్ నుంచి అదే పద్ధతి. ముందు బ్యాంకు తన డ్యూటీ చేసిందా చూస్తారు, లేకపోతే అదే కడుతుంది, చేసి ఉంటే టెలికాం వాళ్ళని చూస్తారు, ఇద్దరూ చేశారంటే నష్టం కస్టమర్‌దే.

వానచినుకు:
ఆ మూడో మెట్టు దగ్గరే నాకు అభ్యంతరం. డ్యూటీల జాబితా రాసేటప్పుడు కస్టమర్ తరఫున కూర్చునేది ఎవరు? జాబితాలో టిక్కులు పెట్టుకుంటే బయటపడిపోవచ్చు అంటే బ్యాంకు జాబితా దాటి ఒక్క అడుగు వెయ్యదు.

సర్వర్‌గది:
జాబితాలో పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్లోనే దాచి ఉంచే డిజిటల్ తాళంచెవి, రాయించండి ముందు, సగం గొడవ పోతుంది. ఇప్పటి ఫిషింగ్ పేజీలు ఉత్త కాపీలు కావు, నువ్వు కొట్టింది కొట్టినట్టు అసలు సైట్‌కి పంపిస్తాయి, అక్కడి నుంచి ఓటీపీ నిజంగానే వస్తుంది, అది కూడా వాటిలోనే కొడతావు, క్షణాల్లో దొంగ లోపల ఉంటాడు. పాస్‌కీ అలా కాదు, అది డొమైన్‌కి కట్టేసి ఉంటుంది, దొంగ డొమైన్‌లో నువ్వు ఇద్దామనుకున్నా అది కదలదు. మనిషి కన్ను మోసపోతుంది, దానికి కన్నే లేదు. కాకపోతే ఫోన్ చేసి నీ చేతే డబ్బు పంపించేవాడి మీద అదీ పనిచెయ్యదు.

కొత్తగొంతు:
మధ్యలో వస్తున్నందుకు సారీ అండి, మా పెద్దమ్మ పొద్దున్నే ఇలాంటి మెయిల్లో వివరాలు కొట్టేశారు, డబ్బు ఇంకా పోలేదు. ఇప్పుడు ఏం చెయ్యాలి? ఆవిడ మెయిల్ డిలీట్ చేసేస్తానంటున్నారు.

సర్వర్‌గది:
డిలీట్ చెయ్యనివ్వకండి, అది సాక్ష్యం. ముందు కార్డు వెనక ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, కార్డు రెండూ ఆపించండి, ఆ మెయిల్లో ఉన్న నంబర్‌కి పొరపాటున కూడా చెయ్యొద్దు. కంప్లైంట్ నంబర్, టైమ్ రాసి పెట్టుకోండి, పాతకాపు గారు చెప్పిన రూల్‌లో "బ్యాంకుకి చెప్పేదాకా" అన్నది రేపు ఈ టైమ్ చూసే తేలుస్తారు. తర్వాత వేరే ఫోన్లోంచి బ్యాంకు పాస్‌వర్డ్, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, మెయిల్ సెట్టింగ్స్‌లో ఎవరికైనా ఫార్వర్డ్ అయ్యేలా పెట్టారేమో చూడండి. బ్యాంకు లాగిన్‌లో కొత్త పేయీ (డబ్బు పంపే ఖాతా), కొత్త డివైస్ ఏవైనా యాడ్ అయ్యాయేమో అడగండి.

మొండిఘటం:
పెద్దమ్మగారిని ఎవరూ తిట్టకండి ఇంట్లో. ముందు ఫోన్ చెయ్యండి, మా గొడవ ఎలాగూ ఇప్పట్లో తేలదు.