అప్‌డేట్: మా ఊరి గ్రంథాలయానికి చందాలు వసూలు చేయాలా అని అడిగాను కదా

నల్లగొండ జిల్లాలోని మా శాఖా గ్రంథాలయంలో పైకప్పు కారుతోందని, పోటీ పరీక్షల పుస్తకాలు పాతబడ్డాయని, చందాలు వేసుకోవచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను. "ముందు సెస్సు సంగతి చూడండి" అని ఒకాయన అన్నారు (సెస్సు అంటే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయాల కోసం కట్టే అదనపు పన్ను). అప్పుడు కొంచెం చిరాకు పడ్డాను, ఒప్పుకుంటున్నాను.

ఇంటిపన్ను రసీదు తీసి చూశాను. పన్ను 1,200 రూపాయలు, దాని కింద చిన్న అక్షరాల్లో గ్రంథాలయ పన్ను 96. రూపాయికి 8 పైసలు. ఇన్నేళ్లుగా కడుతున్నాను, ఆ వరుస ఎన్నడూ చదవలేదు! ఈ సొమ్మును స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 27వ రోజున జవాబు వచ్చింది: వసూలైంది, కొంత భాగం మాత్రమే జమైంది.

ఆ కాగితం నకలు జతచేసి వినతిపత్రం ఇచ్చాం. బకాయిలో ఒక వాయిదా కదిలింది. కప్పు మరమ్మతుకు అంచనా వేయించారు, పని ఇంకా మొదలు కాలేదు.

చందాలు మానలేదు, కానీ పుస్తకాలకే పరిమితం చేశాం. నగదు మా చేతికి తీసుకోకుండా, దాతనే దుకాణంలో బిల్లు కట్టమన్నాం. పాత గైడ్లు వద్దని ముందే చెప్పినా రెండు బస్తాలు వచ్చాయి. వాటినెక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండి.